అమ్మాయి ఆఫ్రికా వెళ్తానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాదిలో ఉంది. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేసి ఆఫ్రికాలో ప్రజారోగ్య పరిశోధన చేస్తానంటోంది. స్టాఫ్ నర్సుగా విదేశాలకెళ్తే జీతం ఖాయం కదా అని మేమంటున్నాం. రీసెర్చ్ పేపర్లు రాస్తే ఎవరికి ఒరుగుతుంది?
- ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. జీతం సంగతికి వస్తాను, ముందు పేపర్ల సంగతి.

పశ్చిమాఫ్రికా దేశం ఘనాలో, ఉత్తర భాగాన నవ్రొంగో అనే చిన్న పట్టణం ఉంది. నర్సులున్న కేంద్రం దాకా జనం రావడం లేదు, నర్సునే ఊళ్లో కాపురం పెట్టిస్తే ఎలా ఉంటుందని అక్కడి పరిశోధన కేంద్రం 1994లో ప్రయోగం మొదలుపెట్టింది. ఊరి పెద్దలతో సభలు పెట్టారు. ఆ సభను అక్కడా దర్బార్ అనే అంటారు. ఊరివాళ్లు శ్రమదానం చేసి నర్సుకు ఇల్లు కట్టారు. ఆమె బైక్ మీద గడప గడపకూ తిరిగింది. పోల్చి చూసేందుకు కొన్నిచోట్ల వాలంటీర్లను మాత్రమే పెట్టారు, కొన్నిచోట్ల పాత పద్ధతే ఉంచారు. నర్సు ఉన్న ఊళ్లలో పసిపిల్లల మరణాలు తగ్గాయి. వాలంటీర్లతోనే నడిపినచోట ఆ ఫలితం రాలేదు. 1999లో ఘనా ఈ పద్ధతినే జాతీయ విధానం చేసుకుంది.

అయితే దేశమంతా పాకడానికి చాలా ఏళ్లు పట్టింది. అడ్డు ఎక్కడుందో, ఎలా తొలగించాలో చూడటానికి 2010లో ఆ ప్రాంతంలోనే మరో ప్రాజెక్టు పెట్టాల్సి వచ్చింది. ఉన్న వైద్యం మనిషి దాకా ఎందుకు చేరడం లేదో వెతికే పనే మీ అమ్మాయి అంటున్న ఈ పరిశోధన. వార్డులో చేసిన పిల్లకు ఈ ప్రశ్న పుస్తకం చదవకముందే తెలుసు. నర్సింగ్ వృథా అవుతుందన్న బెంగ పెట్టుకోకండి.

ఇక జీతం. ఈ రంగంలో చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలే, గ్రాంటు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. ఇది దాచను. అందుకే నేరుగా విమానం ఎక్కమనను. ఎంపీహెచ్ హైదరాబాద్‌లోనే ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లోనూ, సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఉంది. బయోస్టాటిస్టిక్స్, అంటే ఆరోగ్య గణాంకాల లెక్కలు, గట్టిగా పట్టుకోవాలి, ఫ్రెంచ్ వస్తే పశ్చిమాఫ్రికాలో బాగా పనికొస్తుంది. తర్వాత రెండేళ్లు ఇక్కడే ఫీల్డ్ సర్వేల్లో చేస్తే, అక్కడి పరిశోధకుల పక్కన కూర్చుని నేర్చుకునే అర్హత వస్తుంది. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్ల జోలికి మాత్రం వెళ్లకండి.

ఈలోగా మీ దగ్గర్లోని సబ్‌సెంటర్‌కి వెళ్లి ఏఎన్ఎం గారితో ఒక పూట తిరిగి రమ్మనండి. ఆమె ఎన్ని రిజిస్టర్లు రాస్తోందో, ఏ ఇంటి తలుపు తెరుచుకోవడం లేదో చూసొచ్చాక అమ్మాయి ఏమంటుందో నాకు రాయండి.