పాస్టర్ గారిని లెక్క అడగొచ్చా? కోశాధికారిగా పనిచేసినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీరు కొత్తగా మీ చర్చిలో సంఘ పెద్దగా ఎన్నికయ్యారు. డబ్బు విషయాలు, నియామకాలు అన్నీ పాస్టర్ గారే తేల్చేసి కమిటీకి తర్వాత చెబుతున్నారు. అడిగితే "అభిషిక్తుల మీద, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాళ్ళ మీద, చెయ్యి వేయకూడదు" అంటున్నారు. నిలదీయాలా, ఊరుకోవాలా, వేరే సంఘం చూసుకోవాలా?

నేను చాలాకాలం మా సంఘానికి కోశాధికారిగా ఉన్నాను. నేను చెప్పేది ఒక్కటే. ఆయన మంచివారా కాదా అని తేల్చే పని పెట్టుకోకండి. లెక్క, మినిట్స్ (మీటింగ్‌లో తేల్చినవాటి రాత), సంతకం, వీటి దగ్గరే పట్టుబట్టండి. మనిషి గుణం మీద మాట మొదలైందంటే సంఘం రెండు వర్గాలైపోతుంది. పద్ధతి గురించి అడిగితే ఆయనకీ పరువు పోకుండా ఒప్పుకునే దారి ఉంటుంది.

ఇక ఆ అభిషిక్తుల మాట. 1 సమూయేలు 24లో దావీదు, అభిషిక్తుడని, తనను తరుముతున్న సౌలు రాజును చంపలేదు, నిజమే. కానీ గుహలోంచి బయటికొచ్చి, సౌలు బట్ట నుంచి కోసిన చెంగు చూపించి, నన్నెందుకు తరుముతున్నావని రాజునే అడిగాడు. అదే గ్రంథం 12వ అధ్యాయంలో ప్రవక్త సమూయేలు తనంతట తానే జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, లంచం పుచ్చుకున్నానా, చెప్పండి అన్నాడు. పౌలు యెరూషలేము పేదల చందా తీసుకెళ్ళేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8). అపొస్తలుడికి లేని నామోషీ మనకెందుకు? అలాగని ఈ వచనాలు మీటింగ్‌లో విసరకండి. వాక్యంతో కొడితే వాక్యంతోనే తిరిగి కొడతారు, ఆ విద్యలో ఆయనే ఆరితేరినవారు.

మా దగ్గర కానుకల సంచి ఆరాధన కాగానే నేరుగా పాస్టర్ గారింటికి వెళ్ళేది. మర్నాడు ఒక చీటీ మీద మొత్తం రాసి పంపేవారు, నేను పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. ఆయన తీసుకున్నారని నేను ఏనాడూ అనుకోలేదు. ఒకరోజు ఒంటరిగా వెళ్ళి, "అయ్యగారూ, రేపు ఎవరైనా అడిగితే మీ తరఫున నేను ఏం చూపించను? నా దగ్గర ఈ చీటీలే ఉన్నాయి" అన్నాను. "నన్ను అనుమానిస్తున్నావా?" అన్నారు. "మిమ్మల్నీ నన్నూ ఎవరూ అనుమానించకుండా ఉండాలనే" అన్నాను. అప్పుడు ఒప్పుకోలేదు. తర్వాత భవన నిధి మీద గుసగుసలు మొదలయ్యాక ఆయనే పిలిచారు. అప్పట్నుంచి, ఒకే కుటుంబానికి చెందని ముగ్గురం వెనక గదిలో కూర్చుని లెక్కపెట్టి, ఏ నోటు ఎన్నో రాసి, ముగ్గురం సంతకాలు పెట్టి ఆయనకో కాపీ ఇచ్చేవాళ్ళం. అయితే ఆయన చాన్నాళ్ళు నాతో ముభావంగానే ఉన్నారు. ఆరాధనలో ప్రార్థన చేయమని పిలవడం మానేశారు. మీకూ ఇలాంటిది జరగొచ్చు, సిద్ధంగా ఉండండి.

రెండో వైపు కూడా చూడండి. పాస్టర్ జీతం, ఉండే ఇల్లు చాలా సంఘాల్లో కమిటీ చేతిలోనే ఉంటాయి. మా దగ్గర ఆ పాస్టర్ గారి తర్వాత వచ్చినాయన మెతక మనిషి. ప్రసంగం తనకే తగిలిందని ఒక పెద్ద ఆ నెల జీతం చెక్కు మీద సంతకం పెట్టకుండా తిప్పాడు. 3 యోహానులో ప్రధానత్వం కోరిన దియొత్రెఫే పాస్టరో పెద్దో ఆ లేఖ చెప్పదు. నాకు తెలిసి రెండు కుర్చీల్లోనూ కూర్చుంటాడు.

పెద్దయ్యారు కదా, ఇక మీ ఇంటికి ఫిర్యాదులు వస్తాయి. "ఈ మాట ఆయనతో అన్నారా? మీ పేరు చెప్పి నేను అడగనా?" అనండి. సగం అక్కడే ఆగిపోతాయి. మిగిలినవాటికి మత్తయి 18 వరుస ఉంది (ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘం ముందు), పెద్దల మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలన్న 1 తిమోతి 5 ఉంది. కానీ పిల్లల మీదా ఆడవాళ్ళ మీదా చెయ్యి పడిందన్న మాట వస్తే ఆ వరుస పట్టుకు కూర్చోకండి. అది సంఘ తగాదా కాదు, నేరం. బాధితుల పక్కన నిలబడి పోలీసుల దగ్గరికి వెళ్ళండి.

మీ సంఘ నియమావళి తెప్పించి చదవండి. పైన బిషప్పో ప్రెస్బిటరీయో (కొన్ని సంఘాల మీద ఉండే పెద్దల సభ) ఉంటే అడగడానికి ఒక గడప ఉన్నట్టే. సంఘ సభకే అధికారమున్న చోట సర్వసభ్య సమావేశం ఉంది. ఆస్తీ నిర్ణయాలూ ఒక్క కుటుంబం చేతిలో ఉండి, పైన ఎవరూ లేకపోతే మాత్రం మీ సంతకం వాళ్ళకి ముసుగు తప్ప ఇంకేమీ కాదు. అక్కడ తప్పుకోవడం పిరికితనం కాదు. పౌలు, బర్నబా తమ వెంట మార్కును తీసుకెళ్ళాలా వద్దా అన్న విషయంలో విడిపోయారు, తర్వాత అదే మార్కును పౌలు తన దగ్గరికి తీసుకురమ్మన్నాడు.

వచ్చే మీటింగ్‌లో మాత్రం ఒక్కటే అడగండి: పోయినసారి మినిట్స్ చదివి సంతకాలు పెట్టాక మొదలుపెడదాం అని. అసలు మినిట్స్ పుస్తకమే లేదంటే, ఓ కొత్త పుస్తకం మీరే పట్టుకెళ్ళండి.