కోడలి పక్కన ఉండాల్సింది నువ్వే

చిన్నా,

నీ భార్యకి రొమ్ము క్యాన్సరని తేలిందని చెప్పి, "అత్తా, తనకి నేనేం చెయ్యగలను?" అని అడిగావు కదా. ఉద్యోగమంతా క్యాన్సర్ వార్డులో నర్సుగా గడిపినదాన్ని, ఫోన్‌లో తేలేది కాదని రాస్తున్నా. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. కోడలికి ఏ దశలో ఏది భారమవుతుందో కనిపెట్టుకుని ఉండాల్సింది మాత్రం నువ్వే.

బయాప్సీ రిపోర్టు వచ్చిన కొత్తలో తను మామూలుగానే వంట చేస్తుంది, పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేస్తుంది. తట్టుకుందిలే అనుకోకు. డాక్టరు చెప్పినదాంట్లో సగం చెవికెక్కి ఉండదు. నోట్‌బుక్కు పట్టుకుని నువ్వు వెళ్లు. ఈఆర్, పీఆర్, హెర్‌2 అని రిపోర్టులో ఉంటాయి. మొదటి రెండూ అది హార్మోన్లతో పెరిగే రకమా అని, మూడోది హెర్‌2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చెబుతాయి. చికిత్స చాలావరకు వాటిని బట్టే ఉంటుంది, అడిగి రాసుకో. ఎవరికి చెప్పాలో, ఎవరికి వద్దో తేల్చాల్సింది తనే. మా వదిన చుట్టాలందరికీ ఫోన్లు చేసేలోపే ఆ మాట అడుగు. "పిల్లలకి పాలు సరిగ్గా ఇవ్వలేదేమో" అనేవాళ్లు మన ఇళ్లల్లో తప్పకుండా ఉంటారు. వాళ్ల నోరు అక్కడికక్కడే నువ్వు ముయ్యాలి. తర్వాత గదిలోకెళ్లి ఓదారిస్తే లాభం లేదు.

ఆపరేషన్ అయ్యాక పక్కనుంచి ఒక గొట్టం, దాని చివర డబ్బా ఉంటాయి. గాయం దగ్గర ఊరే నీరు రోజూ ఎన్ని ఎంఎల్ దిగిందో నువ్వే రాయి. మొదటిసారి కట్టు విప్పేటప్పుడు కొందరు భర్తని ఉండమంటారు, కొందరు వద్దంటారు. అడుగు. ఉండమంటే చూపు తిప్పుకోకు. ఆ క్షణాన భర్త మొహం ఎలా ఉందో ఏళ్ల తర్వాత కూడా నాకు చెప్పినవాళ్లున్నారు. చెయ్యి బిగుసుకోకుండా వేళ్లతో గోడమీద పైకి పాకించే వ్యాయామం చెబుతారు. నొప్పికి మానేస్తారు, పక్కన నిలబడి చేయించు. చెయ్యి బరువుగా, వాపుగా ఉందంటే వెంటనే చూపించు.

డాక్సోరుబిసిన్ అని ఎర్రగా ఉండే కీమో మందొకటి ఉంది. అది ఎక్కిస్తే మూత్రం ఎర్రగా వస్తుంది, ముందే చెప్పకపోతే రక్తమనుకుని హడలిపోతుంది. చాలామందికి మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా దిండుమీదికి రాలుతుంది. ముందే కత్తిరించుకుంటానంటే తోడు వెళ్లు, "మళ్లీ వస్తుందిలే" అని తేల్చెయ్యకు. తాలింపు వాసనకే కడుపులో తిప్పేస్తుంది, నోరు పూస్తుంది. ఆ రోజుల్లో చప్పటి పెరుగన్నమే దిగుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకో: జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లు. తెల్లకణాలు తగ్గి ఉంటాయి, మాత్ర వేసి తెల్లారేదాకా ఆగితే ప్రాణం మీదికొస్తుంది.

రేడియేషన్‌లో చర్మం నల్లబడుతుంది, నీరసం ఉంటుంది, దానికి తోడు రోజూ ఆసుపత్రికి తిరగడం.

అది కూడా అయిపోయాక జనం ఫోన్లు మానేస్తారు. నా అనుభవంలో ఆడవాళ్లు ఎక్కువగా ఏడ్చేది అప్పుడే. అన్నాళ్లూ చికిత్స ఉందన్న ధీమా ఉండేది, ఇప్పుడు అదీ లేదు. హార్మోన్ రకమైతే ట్యామాక్సిఫెన్ లాంటి మాత్ర 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు వెయ్యాలి. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టదు. చెకప్ దగ్గరపడేకొద్దీ నడుం పట్టేసినా ఎముకలకి పాకిందేమోనని బెంగ. "పిచ్చి ఆలోచనలు మానెయ్" అనకురా. "నాకూ భయంగానే ఉంది" అను. అప్పుడు తను నోరు విప్పుతుంది.

ఒకవేళ తిరగబెడితే తన దగ్గర దాచొద్దు. నాలుగో స్టేజి అన్నా మందులతో ఏళ్లు గడిపినవాళ్లున్నారు. నొప్పికి మార్ఫిన్ రాస్తే బెదిరిపోకండి, నొప్పి భరించాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే అనే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే వైద్యానికి విడిగా విభాగమే ఉంది.

ఆఫీసులో సెలవులు ఇప్పుడే అడిగిపెట్టుకో. ఎల్లుండి డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఫోన్ చెయ్యి, అడగాల్సినవి కలిసి రాద్దాం. కోడలికి ఇష్టమైతే తనతో కూడా మాట్లాడతాను.

మీ అత్త