జౌల్ హీటింగ్ తక్కువగా వస్తోందా? సగటు ఎక్కడ తీస్తున్నారో చూడండి

ధ్రువకాంతులు కనిపించే అరోరా ప్రాంతంలో, పై వాతావరణంలోని విద్యుదావేశిత పొరలో కరెంటు వల్ల పుట్టే వేడిని (జౌల్ హీటింగ్) లెక్కిస్తే తక్కువగా వస్తోందని అడిగారు. తప్పు మీ కండక్టెన్స్‌లో, అంటే ఆ పొర కరెంటును ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే విలువలో, ఉన్నట్టు లేదు. ముందే విద్యుత్ క్షేత్రపు గంట సగటు తీసి, ఆ తర్వాత ఆ సగటును వర్గం చేస్తున్నారు కాబట్టే అరోరా ప్రాంతంలో వేడి అంత తక్కువగా వస్తోంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. అరగంట సేపు క్షేత్రం మీటరుకు +50 మిల్లీవోల్టులు, ఇంకో అరగంట −50 అనుకోండి. సగటు సున్నా, మీ లెక్కలో వేడి కూడా సున్నా. కానీ పెడర్సన్ కండక్టెన్స్ (క్షేత్రం దిశలోనే పోయే కరెంటుకు సంబంధించినది) 10 సీమెన్స్ అయితే ఆ గంటంతా చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు అందుతూనే ఉన్నాయి, దిశ మారినంత మాత్రాన వచ్చిన వేడి వెనక్కి పోదు కదా.

ఇలా చేయండి:

1. ప్రతి కొలతనూ విడిగా వర్గం చేసి, అదే సమయపు పెడర్సన్ కండక్టెన్స్‌తో గుణించండి. సగటు చివర్లోనే.
2. హాల్ కండక్టెన్స్ కలిపి ఉంటే తీసేయండి. ఆ కరెంటు క్షేత్రానికి లంబంగా పోతుంది, వేడి చేయదు.
3. వర్గం చేసే ముందే తటస్థ గాలి (విద్యుదావేశం లేని గాలి) ప్రభావాన్ని కూడా క్షేత్రానికి కలపండి. సెకనుకు 200 మీటర్ల గాలి మీటరుకు దాదాపు 10 మిల్లీవోల్టుల మార్పు తెస్తుంది, అది క్షేత్రానికి ఎదురుగా ఉంటే 50 కాస్తా 40 అయి వేడి 36 శాతం పడిపోతుంది, అటువైపే ఉంటే పెరుగుతుంది, కాబట్టి చిన్నదేలే అని వదిలేయకండి.