ప్రీలాంచ్ ఫ్లాటు: ‘మీరు ఇన్వెస్టర్లు’ అంటే డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: మాది కావలి. పిల్లల చదువులకు పనికొస్తుందని 2022లో హైదరాబాద్‌లో ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మే) ఫ్లాటుకు 28 లక్షలు కట్టాం. రసీదులు, స్టాంపు కాగితం మీద ఎంఓయూ (అవగాహన ఒప్పందం) తప్ప ఏమీ లేవు. పునాది కూడా పడలేదు. ‘మీరు ఇన్వెస్టర్లు, రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) వర్తించదు’ అని బిల్డర్లు అంటున్నారు. వాళ్లిచ్చిన 5 లక్షల చెక్కు పది రోజుల క్రితం బౌన్స్ అయింది. ఏం చేయాలి?

జవాబు: ముందు చెక్కు సంగతి చూడండి, గడువు దానికే తక్కువ. బ్యాంకు నుంచి రిటర్న్ మెమో (చెక్కు చెల్లలేదని ఇచ్చే చీటీ) అందిన 30 రోజుల్లోపు లాయర్ నోటీసు వెళ్లాలి. నోటీసులో చెక్కు మీదున్న 5 లక్షలే అడగండి. మొత్తం 28 లక్షలు అడిగేసి కేసు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కంపెనీకీ, సంతకం చేసిన డైరెక్టరుకూ విడివిడిగా పంపండి; కంపెనీని వదిలేసి డైరెక్టరు ఒక్కడి మీదే వేస్తే కేసు నిలవదు. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. చెక్కును కావలి బ్రాంచిలోని మీ ఖాతాలో వేసి ఉంటే హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, ఆ బ్రాంచి పరిధిలోని కోర్టులోనే వేయొచ్చు.

ఇక ‘ఇన్వెస్టర్’ మాట. దానికి బెదరకండి. రెరా చట్టంలో కొనుగోలుదారు నిర్వచనం నుంచి మినహాయించింది అద్దెకున్నవాళ్లనే, ఇన్వెస్టర్లను కాదు. పైగా రిజిస్ట్రేషన్ లేకుండా ఫ్లాట్లు అమ్మడమే 3వ సెక్షన్ ప్రకారం తప్పు. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతం మించి తీసుకోవడం 13వ సెక్షన్ ప్రకారం తప్పు. ప్రాజెక్టు హైదరాబాద్‌లో ఉంది కాబట్టి తెలంగాణ రెరా సంస్థకే వెళ్లాలి. అసలుతో పాటు వడ్డీ కూడా అడగండి.

ఎంఓయూ మాత్రం ఒకసారి నిదానంగా చదవండి. ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులు, ఏ అంతస్తు, చదరపు అడుగు రేటెంత అని ఉంటే అది మీకు బలం. ‘బైబ్యాక్’ (తిరిగి మేమే కొంటాం), ‘నెలకు ఇంత రాబడి’ అని ఉంటే అది అప్పు కాగితమని అవతలివాళ్లు వాదిస్తారు.

నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ వేయొచ్చు. కొనుగోలుదారు ఉంటున్న చోట వేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది, చెల్లించిన సొమ్ము 50 లక్షలలోపే ఉంది. అయితే అక్కడ వ్యాపారం కోసం కొన్నవాళ్లకు చోటు లేదు. మీది సొంత వాడకానికి కొన్న ఒకే ఫ్లాటు కాబట్టి నిలుస్తుంది. అమ్ముకోవడానికి రెండు మూడు కొన్నవాళ్లకైతే రెరాయే మేలు. ఒకే డబ్బు కోసం రెండుచోట్లా వేయకండి.

‘వేరే ప్రాజెక్టులో సర్దుతాం’ అంటూ ఒరిజినల్ రసీదులు అడిగితే ఇవ్వకండి, జిరాక్సులే ఇవ్వండి. నగదుగా కట్టిన మొత్తం ఏమైనా ఉంటే దాని రసీదు మీద కంపెనీ ముద్ర, సంతకం ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి.