వెనక చేతి పంచ్ గురించి బాబాయి ఉత్తరం

చిరంజీవి లావణ్యకు,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియోలు రెండూ చూశాను. బాక్సింగ్ బ్యాగ్ మీద నీ క్రాస్, అంటే వెనకున్న కుడి చేత్తో నేరుగా వేసే పంచ్, బాగానే మోగుతోంది. స్పారింగ్‌కు, అంటే ఎదుట మనిషితో ఆడే ప్రాక్టీస్ పోటీకి, వచ్చేసరికి అదే పంచ్ తగలడమే తక్కువ, తగిలినా అవతలి అమ్మాయి చలించడం లేదు. "ఇంకా బలం పెంచుకోవాలా బాబాయ్, పుషప్స్ ఎన్ని చెయ్యాలి?" అని అడిగావు. పుషప్స్ మానేయమని చెప్పను గానీ, నీకు తక్కువైంది బలం కాదు. గట్టిగా కొట్టాలన్న ఆత్రం ఎక్కువైంది. పంచ్ రాబోతోందని అవతలివాళ్లకు ముందే తెలిసిపోవడానికీ, వేశాక చెయ్యి ఆలస్యంగా తిరిగి రావడానికీ ఆ ఆత్రమే కారణం.

స్పారింగ్ వీడియోను నిదానంగా ఆపి ఆపి చూడు. కుడి చెయ్యి ముందుకు కదలకముందే గ్లోవ్ చెంప దగ్గర్నుంచి నాలుగు వేళ్లంత కిందికి దిగుతోంది. దాంతోపాటే మోచెయ్యి పక్కకు లేస్తోంది, కుడి భుజం వెనక్కి పోతోంది. పెదాలు బిగించి ఊపిరి కూడా ఒకసారి గట్టిగా పీలుస్తున్నావు. ఇన్ని జరిగాక ఎదుటి మనిషికి చెప్పి కొట్టినట్టే కదా. బ్యాగ్‌కు కళ్లు లేవు కాబట్టి అక్కడ చెల్లిపోయింది. వెనక చెయ్యి ఎలాగూ వెనకే ఉంది, దాన్ని ఇంకా వెనక్కి లాగనక్కర్లేదు. ఉన్న చోటు నుంచే బయల్దేరాలి.

దీనికి గోడ దగ్గర ప్రాక్టీస్ బాగా పనిచేస్తుంది. కుడి పక్కన జానెడు దూరంలో గోడ ఉండేలా స్టాన్స్ (బాక్సింగ్‌కు నిలబడే భంగిమ) తీసుకుని, నిదానంగా క్రాస్ వెయ్యి. మోచెయ్యి పక్కకు లేచిందంటే గోడకు తగులుతుంది. తగలకుండా వేసినప్పుడు మోచెయ్యి పక్కటెముకల మీదుగా జారుతూ పిడికిలి వెనకాలే వెళుతుంది. పిడికిలిని ఆఖరి బెత్తెడులో తిప్పితే చాలు. మొదట్లోనే తిప్పితే మోచెయ్యి లేవక మానదు.

ఇక అసలు సంగతి, కాలు. పంచ్ మొదలయ్యేది అక్కడే. వెనక కాలి మునివేళ్ల దగ్గరి అరికాలితో నేలను వెనక్కి నెడతావు, నేల నిన్ను ముందుకు నెడుతుంది. మడమ లేచి బయటివైపు తిరుగుతుంది, మోకాలు లోపలికి వస్తుంది, దాని వెంట తుంటి, తర్వాత భుజం, అన్నిటికన్నా ఆఖరున చెయ్యి. 1985లో అచ్చయిన ఒక సోవియట్ పరిశోధనలో 120 మంది బాక్సర్ల పంచ్‌ను కొలిచారు. ఆరితేరిన వాళ్ల పంచ్‌లో కాళ్ల వాటా సుమారు 38 శాతం, చేతి వాటా 24 శాతం. కింది స్థాయి వాళ్లలో కాళ్ల వాటా 17 శాతం కూడా లేదు, చేతి వాటా మాత్రం 38 దాకా ఉంది. నువ్వు పుషప్స్ గురించి అడిగినప్పుడు నాకు గుర్తొచ్చినవి ఈ అంకెలే.

కాలి కింద సిగరెట్ నలిపినట్టు పాదం తిప్పమని చాలామంది కోచ్‌లు చెబుతారు. నాకు ఆ మాట నచ్చదు. అలా నేర్చుకున్నవాళ్లు పాదం తిప్పుతారు గానీ నేలను నెట్టరు. చూడటానికి అంతా సరిగ్గానే ఉంటుంది, పంచ్‌లో మాత్రం పస ఉండదు. నీ రెండో వీడియోలో జరుగుతున్నది అచ్చం ఇదే. పాదం ముందే తిరిగిపోయి ఆగింది, ఆ తర్వాత చెయ్యి విడిగా వెళ్లింది. కాబట్టి కొన్నాళ్లు పంచ్ వెయ్యకుండా కాలి పని ఒక్కటే ప్రాక్టీస్ చెయ్యి. రెండు పిడికిళ్లూ చెంపల దగ్గరే పెట్టుకుని, వెనక కాలితో నెట్టి, తుంటి తిప్పి, ఆగు. ముందు తొడ మీద బరువు పడినట్టు తెలియాలి. అక్కడ ముందు కాలు చేసే పని చిన్నది కాదు. మోకాలు కొద్దిగా వంగి ఉండి, వచ్చిన ఊపును అది ఆపాలి. అది ఆపితేనే ఆ ఊపు పైకి, భుజంలోకి పోతుంది. ముందు మోకాలు ఇంకా ముందుకు జారిపోతే ఊపంతా నేలపాలే, పైగా తల కూడా మోకాలు దాటి ముందుకు వెళ్లిపోతుంది. గాలిలో పంచ్ వేసినప్పుడు ముందుకు తూలావంటే తప్పు ఇక్కడే ఉందని తెలుసుకో. ఇది కుదిరాక చెయ్యి కలుపు. మొదట నిదానంగా, అద్దం ముందు.

చెయ్యి వదులుగా ఉండాలి. నువ్వు మొదటి నుంచీ పిడికిలి బిగించి వేస్తున్నావు. ముంజేయి బిగుసుకుంటే భుజం బిగుసుకుంటుంది, భుజం బిగుసుకుంటే పంచ్ మందగిస్తుంది. శరీర కదలికల మీద పరిశోధన చేసే స్టువర్ట్ మెక్‌గిల్ బృందం ఎంఎంఏ (రకరకాల పోరాట విద్యలు కలిసిన ఆట) ఫైటర్ల కండరాల పనిని రికార్డు చేసి 2010లో ప్రచురించింది. కండరం మొదట బిగుసుకుని కదలికను ఎత్తుకుంటుంది, దారిలో వదులవుతుంది, తగిలే క్షణాన మళ్లీ బిగుసుకుంటుంది. నువ్వు మధ్యలో వదులు చెయ్యడం లేదు, అంతే తేడా. తగిలేటప్పుడు చూపుడు వేలు, నడిమి వేలు కణుపులు ముందుండాలి, మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. ఊపిరి అప్పుడే పొట్టిగా వదిలెయ్.

నువ్వు కరాటే నుంచి వచ్చావు కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. గ్యాకు జుకి (కరాటేలో వెనక చేతి పంచ్) నేర్చుకునేటప్పుడు రెండో చేతిని తుంటి దగ్గరికి లాగడం అలవాటు చేస్తారు. కటాలో (ఒంటరిగా చేసే కదలికల వరసలో) అది ఉండాల్సిందే, నేను తప్పు పట్టను. బాక్సింగ్ స్పారింగ్‌లో మాత్రం నీ కుడి చెయ్యి వెళ్లిన ప్రతిసారీ ఎడమ చెయ్యి ఛాతీ దాకా దిగుతోంది, దవడ పూర్తిగా ఖాళీ అవుతోంది. ఎడమ గ్లోవ్ చెంపకు ఆనే ఉండాలి. కుడి దవడను కుడి భుజమే కాపాడుతుంది. చుబుకం దించి ఉంచితే భుజం దానంతటదే వచ్చి కప్పుతుంది. తల మధ్యగీత నుంచి కాస్త ఎడమకు జరిగితే ఇంకా మంచిది. వేసిన చెయ్యి వెళ్లిన దారినే తిరిగి చెంపకు రావాలి. తగిలిందా లేదా అని చూస్తూ చేతిని అక్కడే వదిలేస్తున్నావు. ఆ అమ్మాయి హుక్ (పక్క నుంచి వంపుగా వచ్చే పంచ్) నీకు తగిలిన సందర్భాలన్నీ చూడు, అన్నీ అప్పుడే.

"జాబ్ లేకుండా క్రాస్ వెయ్యకూడదా?" అనీ అడిగావు. జాబ్ అంటే ముందు చేత్తో చురుగ్గా వేసే నేరు పంచ్. వెయ్యొచ్చు, అలవాటు చేసుకోకు. వెనక చెయ్యి పోవాల్సిన దూరం ఎక్కువ, అందుకే దాన్ని ముందుగా ఎవరూ ఊహించరు. 1974లో కిన్షాసాలో మహమ్మద్ అలీ మొదటి రౌండ్‌లోనే జార్జ్ ఫోర్‌మన్‌ను జాబ్ లేకుండా నేరుగా కుడి చేత్తో కొట్టింది ఆ లెక్కతోనే. అలీకి ఉన్న వేగం మనకు లేదు కాబట్టి మనకు జాబ్ కావాలి. జాబ్ తగలకపోయినా ఫర్వాలేదు, ఎదుటివాళ్ల కళ్లను ఒక్క క్షణం కప్పితే చాలు. దూరం ఎంతుందో కూడా అదే చెబుతుంది. జాబ్ వెనక్కి వచ్చే ఊపులోనే కుడి తుంటి ముందుకు రావాలి. నువ్వు రెండింటి మధ్య ఆగుతున్నావు, ఆ సందు లేకుండా చూసుకో.

పంచ్ వేసే క్షణం సరిగ్గా కుదిరితే బలం సంగతి దానంతటదే తేలిపోతుంది. 2012 డిసెంబర్‌లో బాక్సర్ మార్కెజ్, తన ప్రత్యర్థి పాక్వియావోను ఆరో రౌండ్ ఆఖరి క్షణంలో పడగొట్టిన కుడి చేతి పంచ్ చూడు. అందులో పెద్ద ఊపేమీ లేదు. పాక్వియావో తనే ముందుకు దూసుకొచ్చాడు, మార్కెజ్ చెయ్యి సరిగ్గా అక్కడ ఉంది. ఆ పోటీలో గమనించాల్సింది ఇంకోటి కూడా ఉంది. పాక్వియావో కుడి కాలు ముందు పెట్టి, ఎడమ చెయ్యి వెనక ఉంచుకుని ఆడే బాక్సర్. అలాంటివాళ్లతో ఆడేటప్పుడు నీ వెనక చెయ్యే నీకు ముఖ్యమైన ఆయుధం. నీ ముందు పాదాన్ని వాళ్ల ముందు పాదానికి బయటవైపు పెట్టుకుంటే కుడి చేతికి దారి నేరుగా దొరుకుతుంది. పాదం లోపల ఉండిపోతే అదే దారి వాళ్ల ఎడమ చేతికి దొరుకుతుంది.

బ్యాగ్ మీద ఇకనుంచి మోత కోసం కొట్టకు. బ్యాగ్ దూరంగా ఊగిందంటే నెడుతున్నావని అర్థం, ఉన్నచోటే అదిరిందంటే కొడుతున్నావని. సగం బలంతో, ప్రతి పంచ్ తర్వాత గార్డ్‌లోకి (రెండు చేతులూ చెంపల దగ్గరికి) పూర్తిగా వచ్చి ఆగి, తర్వాతిది వెయ్యి. అలసిపోయి భుజాలు దిగినప్పుడు ఆపెయ్, అప్పుడు వేసే పంచ్‌లు చెడ్డ అలవాట్లనే నేర్పుతాయి. స్పారింగ్‌లోనూ పూర్తి బలం వద్దు. తలకు హెడ్‌గార్డ్ ఉంది కదా అని అనుకోకు, అది చర్మం చిట్లకుండా ఆపుతుంది గానీ లోపల మెదడు కుదుపును ఆపలేదు.

హ్యాండ్ ర్యాప్స్ (గ్లోవ్ లోపల చేతికి చుట్టుకునే గుడ్డ పట్టీలు) లేకుండా బ్యాగ్ జోలికి వెళ్లకు. మణికట్టుకు గట్టి చుట్లు వెయ్యి, వేళ్లు మొద్దుబారేంత బిగించకు. పంచ్ పక్కకు జారి చిటికెన వేలి కణుపు మీద పడితే దాని కిందున్న ఎముక విరగడం ఈ ఆటలో మామూలే. కొట్టిన తర్వాత అక్కడ వాపు వచ్చినా, పిడికిలి బిగిస్తే ఆ వేలు పక్క వేలి మీదికి వంకరగా పోయినా, ఐస్ పెట్టి సరిపెట్టుకోకుండా ఎక్స్‌రే తీయించుకో. డాక్టర్ సరే అనేదాకా ఎడమ చెయ్యి ఒక్కటే ప్రాక్టీస్ చెయ్యి. ఎలాగూ నీ జాబ్‌కు కూడా చాలా పని ఉంది.

ఇట్లు,
మీ బాబాయి