చిట్టికి, మొదటిసారి జైలుకు వెళ్ళేముందు

చిట్టీ,

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు అన్నయ్య ఫోనంటే నాకు గుండె గుభేలుమంటుంది. "ఆ కంపెనీ ఉద్యోగం వద్దంటోందే. జిల్లా కోర్టులో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్‌గా చేరుతుందట. ఉచిత లాయరుగా దొంగల తరఫున వాదిస్తుందట. నువ్వయినా చెప్పు" అన్నాడు. చెబుతాలే అన్నాను. ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం భయం, సగం సంతోషం. ముప్పై ఏళ్ళు నేను తిరిగిన కోర్టు వరండాల్లోనే నువ్వూ తిరగబోతున్నావు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

ముందు మీ నాన్న సంగతి. ఆయన్ని కోప్పడకు. 1979 నాటి హుస్సైనారా ఖాతూన్ కేసు ఒకసారి చదివి వినిపించు. నేరం రుజువైనా అంతకాలం శిక్ష పడని మనుషులు, విచారణ ఖైదీలుగానే బీహార్ జైళ్ళలో ఏళ్ళకేళ్ళు ఉండిపోయారు. లాయరు లేడు, పూచీ పడి జామీను ఇచ్చేవాడు లేడు. ఉచిత న్యాయ సహాయం గురించి రాజ్యాంగంలో 39ఏ అధికరణం అప్పటికి మూడేళ్ళ ముందే, 1976లో చేర్చారు. కానీ ఆ మాటని జైలు గేటు దాకా ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి కదా. మీ నాన్న మెత్తని మనిషి, అర్థం చేసుకుంటాడు.

నువ్వు నాకంటే మంచి రోజుల్లో చేరుతున్నావు. మేం ప్యానెల్ లాయర్లం. సొంత ప్రాక్టీసు చేసుకుంటూ మధ్యమధ్య లీగల్ ఎయిడ్ కేసులు చూసేవాళ్ళం. ఫీజు ఇచ్చిన పార్టీని ఒక కోర్టులో, లీగల్ ఎయిడ్ మనిషిని పక్క కోర్టులో ఒకే టైంకి పిలిస్తే మా కాళ్ళు ఎటు వెళ్ళేవో నీకు వేరే చెప్పక్కర్లేదు. 2022లో నాల్సా, అంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, తెచ్చిన ఈ పద్ధతిలో మీకు ప్రైవేటు కేసులు లేవు, ఇదొక్కటే పని. కాంట్రాక్టు ఉద్యోగం, జీతం తక్కువ, నిజమే. కానీ నా మనసులో సగం బెంగ తీరింది అక్కడే.

తెలిసిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. మర్నాటి కేసుల జాబితా, అదే కాజ్ లిస్టు, రాత్రే చూసుకో. బెంచ్ క్లర్కుతోనూ కోర్టు కానిస్టేబుల్‌తోనూ మర్యాదగా ఉండు, ఎవర్ని ఎప్పుడు ప్రొడ్యూస్ చేస్తున్నారో వాళ్ళకే ముందు తెలుస్తుంది. 2024 జూలై 1 నుంచి నేర చట్టాలు మారాయి కాబట్టి పాత సెక్షన్, కొత్త సెక్షన్ రెండూ నాలుక చివర ఉండాలి. కస్టడీలో ఉన్నవాడికి లాయర్ని ఇవ్వడానికి ఆదాయం అడ్డు కాదు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్లోనే ఆ మాట ఉంది, ఎవరైనా సర్టిఫికెట్ తెమ్మని తిప్పుతుంటే చూపించు. నీ పేరు చెప్పి కోర్టు బయట డబ్బులు వసూలు చేసేవాళ్ళు తప్పకుండా తయారవుతారు. ప్రతి కుటుంబానికీ మొదటి రోజే చెప్పు: "నా కోసమని ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వొద్దు."

రోజుల లెక్క మాత్రం నీ చేత్తో నువ్వే రాసుకో, గుమస్తాకి వదలకు. అరవై రోజుల్లో, పెద్ద నేరమైతే తొంభై రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుందని నీకు తెలుసు. రిమాండ్ చేసిన రోజు కూడా లెక్కలోకే వస్తుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ గడువు ముగిసిన మర్నాడు కోర్టు తెరిచేసరికి నీ పిటిషన్ అక్కడ ఉండాలి. నువ్వు మధ్యాహ్నం వేద్దాంలే అనుకుంటే, పొద్దునే చార్జిషీటు వచ్చి కూర్చుంటుంది. ఆ హక్కు మళ్ళీ రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

1999. ఒక కేసులో నన్ను లీగల్ ఎయిడ్ లాయరుగా వేశారు. ముద్దాయి మేస్త్రీ దగ్గర కూలీ. వేరే జిల్లా నుంచి పెళ్ళాంతో, చిన్నపిల్లతో వలస వచ్చి, కడుతున్న బిల్డింగులోనే ఉండేవాడు. అక్కడి నీళ్ళ మోటారు దొంగిలించాడని పాత చట్టం 379 సెక్షన్ కింద కేసు. బెయిలు వచ్చింది, ఇద్దరు జామీనుదార్లని పెట్టమన్నారు. ఊరుగాని ఊళ్ళో ఇంటి పన్ను రసీదు పట్టుకుని అతని కోసం ఎవరొస్తారు? బెయిల్ ఆర్డర్ ఫైల్లో, మనిషి జైల్లో. అలా డెబ్బై రోజులు.

అప్పటికి ఇరవై ఏళ్ళ ముందే, 1978లో, మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ సరిగ్గా ఇలాంటి మనిషి గురించే తీర్పు రాశారు. అతనూ తాపీ పనివాడే. పదివేలకి జామీను అడిగారు, సోదరుడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. సుప్రీంకోర్టు అది తప్పని, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమంది. నేను ఆ తీర్పు చదివాను. మీటింగుల్లో మాట్లాడాను కూడా. నా మనిషి కోసం ఆ షరతు సడలించమని ఒక్క పేజీ పిటిషన్ వెయ్యలేదు. తోచలేదు. ఆ నెలలో నాకు ఒక పెద్ద ఆస్తి కేసు నడుస్తోంది.

చార్జిషీటు వచ్చాక వాయిదా రోజు కోర్టు వరండాలో, బేడీలతో ఉన్న అతనితో మాట్లాడాను. ఐదు నిమిషాలు ఉంటుందేమో. "కేసు నడిస్తే ఏడాది పడుతుంది. ఒప్పుకో. ఉన్నన్నాళ్ళే శిక్షగా వేస్తారు, సాయంత్రానికి పెళ్ళాం దగ్గరికి పోతావు" అన్నాను. "నేను తియ్యలేదమ్మా" అన్నాడు. "ఆ సంగతి సరే, ముందు బయటికి రా" అన్నాను. కాసేపు నేల చూసి, "ఒప్పుకుంటే దొంగ అని రాస్తారా?" అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "కాగితంలో రాస్తారు, అంతే" అన్నాను.

చిట్టీ, ఆ "అంతే" అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మేజిస్ట్రేటు అడిగారు, అతను ఒప్పుకున్నాడు. రెండు నెలల శిక్ష, ఉన్న రోజులు అందులో జమ. సాయంత్రం విడుదలయ్యాడు. మర్నాడు భార్యని, పిల్లని తీసుకొచ్చి నా కాళ్ళకి దండం పెట్టించాడు. ఆ రాత్రి ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

రెండేళ్ళ తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఇంకో చోట దొంగతనం జరిగితే అతన్ని పట్టుకెళ్ళారు. అప్పటికే ఆ స్టేషన్లో అతని ఫోటో, వేలిముద్రలు ఉన్నాయి. కేడీల లిస్టులో, అంటే పోలీసులు కన్నేసి ఉంచే పాత నేరస్థుల జాబితాలో, పేరు ఉంది. చుట్టుపక్కల ఏది పోయినా ముందు అతన్నే పిలుస్తున్నారట, ఏ మేస్త్రీ పనిలో పెట్టుకోవడం లేదట. కొత్త కేసు రిమాండ్ రిపోర్టులో, బెయిలు ఎందుకు ఇవ్వకూడదో చెప్పే చోట, మొదటి లైను నా కేసే. పాత శిక్ష.

ఆ రోజు బీరువాలోంచి పాత ఫైలు తీసి మొదటిసారి ఆసాంతం చదివాను. ఫిర్యాదులో పోయింది ఐదు హెచ్‌పీ మోటారు. మధ్యవర్తుల నివేదికలో, అదే పంచనామాలో, అతని దగ్గర దొరికిందని రాసింది మూడు హెచ్‌పీ మోటారు. ఆ రెండు కాగితాలూ మూడు వారాలు నా దగ్గరే ఉన్నాయి.

రెండో కేసు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపాను. కొట్టేశారు. కానీ అది తేలేసరికి ఎనిమిది నెలలు లోపలే ఉన్నాడు. బయటికి వచ్చిన రోజు నన్ను ఒక్క మాట అనలేదు. "అమ్మా, ఆ మొదటి కాగితం కొట్టేయించలేమా?" అని మాత్రం అడిగాడు. నేరం ఒప్పుకున్నవాడికి శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో తప్ప అప్పీలు లేదు. ఆ ముక్క అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తర్వాత వాళ్ళు ఆ ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఎక్కడున్నారో తెలియదు.

అందుకే నీతో గట్టిగా చెబుతున్నాను, కోపంగా ఉన్నట్టు అనిపిస్తే అనిపించనీ. ఎవరైనా "ఒప్పుకుంటాను మేడమ్" అంటే ఆ రోజు ఒప్పుకోనివ్వకు. ఒక్క వాయిదా అడుగు. ఫైలు మొదటి కాగితం నుంచి చదువు. ఎందుకు ఒప్పుకుంటున్నాడో అడుగు. జామీను లేక అయితే జామీను సంగతి చూడు. బెయిలు వచ్చి కూడా బయటికి రానివాళ్ళ గురించి 2023 జనవరి 31న సుప్రీంకోర్టు వివరంగా ఆదేశాలిచ్చింది. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకే చెప్పాలి. నెలలోపు జామీను పెట్టుకోలేకపోతే షరతులు సడలించవచ్చేమో కోర్టు తనంతట తానే చూడవచ్చు. ఆ ఉత్తర్వు ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకో.

ఒప్పుకున్నాక ఏమేం పోతాయో మామూలు మాటల్లో చెప్పు. కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 479వ సెక్షన్ చూశావా? ఇంతకు ముందు శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల ఉంటే బాండు మీద వదలమంటుంది, మిగతావాళ్ళకి సగం. ఐదు వేల లోపు దొంగతనంలో, వస్తువు తిరిగిస్తే సమాజ సేవతో సరిపెట్టేది కూడా మొదటిసారి వాళ్ళకే. ఈ రోజు ఇంటికి పోవడానికి ఒప్పుకునేవాడు రేపటి ఆ రెండు దారులూ మూసుకుంటున్నాడు. ఇవన్నీ విని, నిజంగా చేశానని చెప్పి ఒప్పుకుంటానంటే, అది అతని ఇష్టం. అప్పుడైనా 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద, జైలు లేకుండా మంచి నడవడిక షరతు మీద, వదలమని అడుగు. దాని 12వ సెక్షన్ ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అతనికి అంటవు. నేను అది కూడా అడగలేదు.

వరండాలో మాట్లాడొద్దు. జైలుకు వెళ్ళు, కూర్చుని మాట్లాడు. మొదట్లో నిన్ను నమ్మరు. "ఉచిత లాయరు కదా, డబ్బులిస్తే గట్టిగా వాదించేవాళ్ళు" అని నీ ముందే అంటారు. బాధపడకు. చాలామంది ఎదురుగా అంతకు ముందు నిలబడింది నాలాంటివాళ్ళమే. రెండోసారి, మూడోసారి వెళ్ళు. ఇంట్లోవాళ్ళకి ఏమైనా చెప్పాలా అని అడుగు, చెప్పి వచ్చి ఏమన్నారో చెప్పు. అప్పుడు నోరు విప్పుతారు, మోటారు ఎన్ని హెచ్‌పీదో కూడా చెబుతారు. తెలుగు రానివాడైతే భాష తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళు, తలూపుతున్నాడు కదా అని అర్థమైందనుకోకు. ఇంకో కేసులో అతన్ని హాజరుపరచమనే పీటీ వారెంట్ పెండింగ్ ఉందేమో గేటు దగ్గరే కనుక్కో. లేకపోతే ఇక్కడ బెయిలు తెచ్చిన రోజు అక్కడి పోలీసులు తీసుకుపోతారు, ఇంటిదగ్గర అన్నం వండి ఎదురుచూసేవాళ్ళు అలాగే ఉండిపోతారు.

సాయంత్రం జైలు నుంచి వచ్చేటప్పుడు ఒక్కదానివే చీకట్లో బండి మీద రాకు. మీ ఆఫీసులో ఇంకొకర్ని తోడు తీసుకెళ్ళు. నువ్వు నవ్వుతావు, తెలుసు. మధ్యాహ్నం భోజనం మానకు. కాల్ వర్క్, అదే కేసులు పిలవడం, అయ్యేసరికి రెండవుతుంది, అప్పుడు ఆకలి కూడా తెలియదు. ఖాళీ కడుపుతో ఉన్న లాయరు "ఒప్పుకో" అనడానికి తొందరపడుతుందమ్మలూ. నాకు తెలుసు.

చిన్నప్పుడు నా నల్లకోటు వేసుకుని, చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే, "యువరానర్" అని అరిచేదానివి. మీ నాన్న ఫోన్ పెట్టేశాక నాకు అదే కళ్ళ ముందు మెదిలింది. మీ నాన్నతో మాట్లాడాను, ఒప్పుకున్నాడు. నీతో చెప్పొద్దన్నాడు, చెప్పేస్తున్నాను.

మొదటి నెలలో ఎవరైనా నేరం ఒప్పుకుంటానని అంటే, వాయిదా అడిగాక నాకు ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండయినా పర్లేదు. ఫైలు దగ్గర పెట్టుకుని చెయ్యి, ఫిర్యాదు, పంచనామా రెండూ పక్కపక్కనే పెట్టి నాకు చదివి వినిపించు.

మీ అత్తయ్య