చిన్న చిన్న విషయాలకే వచ్చే కోపం నవ్వుతో తగ్గుతుందా?

లిఫ్ట్ రాకపోయినా, ఓటీపీ ఆలస్యమైనా, వెనక ఎవరో హారన్ కొట్టినా ఒళ్లు మండిపోతోంది, అందరూ "నవ్వేసి ఊరుకో" అంటున్నారు, అది కుదిరే పనేనా అని అడిగారు. నవ్వేసి ఊరుకోవడం వేరు, ఆ కోపం ఏమంటోందో నవ్వుతూ వినడం వేరు. నాకు పనికొచ్చింది రెండోదే.

కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో కోపం మీద పరిశోధన చేసిన జెర్రీ డెఫెన్‌బాకర్ అనే సైకాలజిస్టు చెప్పిన పద్ధతి ఇది. ఎవరినైనా మనసులో తిట్టుకుంటే, ఆ తిట్టు నిజమైతే ఎలా ఉంటుందో బొమ్మ కట్టి చూడమంటాడు. ఇంకోటి, కోపం వెనక "అన్నీ నేననుకున్నట్టే జరగాలి" అనే పట్టుదల ఉంటుంది కాబట్టి, రోడ్లూ షాపులూ ఆఫీసులూ అన్నీ మన సొంతమైనట్టు, జనమంతా పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నట్టు ఊహించుకోమంటాడు.

సాయంత్రం కూకట్‌పల్లి వైపు వస్తుంటే, సిగ్నల్ మీద ఇంకా 40 సెకన్లు కనిపిస్తుండగానే వెనక నుంచి హారన్ మొదలవుతుంది. "వీడి బుర్రలో మట్టి తప్ప ఏం లేదు" అనుకుంటాను కదా, ఇక ఆ మట్టినే చూస్తాను: హెల్మెట్ తీయగానే భుజాల మీదికి జలజలా రాలుతూ, చెవి పక్క నుంచి ఒక వానపాము తొంగిచూస్తూ, నడినెత్తిన చిన్న తులసి మొక్క. అంతలో పచ్చలైటు పడుతుంది, పళ్లు బిగబట్టడం ఎప్పుడు ఆగిందో కూడా తెలియదు.

కానీ అన్ని కోపాలూ ఇలా పోవు, పోకూడదు కూడా. నవ్వు జల్లెడ లాంటిది, పొట్టు రాలిపోయాక రాయి మిగిలితే అది నిజంగా పట్టించుకోవాల్సిన విషయమే. మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఎవరో లిఫ్ట్ గేటు వేయకుండా వెళ్లిపోయేవారు, అది అక్కడే నిలబడి "ప్లీజ్ క్లోజ్ ద డోర్" అని అరుస్తూనే ఉండేది, కింద మేము బటన్ నొక్కుతూనే ఉండేవాళ్లం. నేను చక్రవర్తినైనట్టు, నా లిఫ్ట్‌కి కాపలా భటుడు లేనట్టు ఊహించుకుంటే నా విసుగు పోయింది. మోకాళ్ల నొప్పులతో అమ్మ కూరల సంచీ పట్టుకుని మెట్లెక్కడం మాత్రం ఎంత ఊహించినా నవ్వు తెప్పించలేదు. అందుకే ఆ ఇంటికి వెళ్లి, గొంతు పెంచకుండా, "అమ్మ ఎక్కలేకపోతోందండీ, కాస్త గేటు చూసుకోండి" అని చెప్పాను. ముందే నవ్వుకుని ఉండకపోతే అంత మర్యాదగా మాట వచ్చేది కాదు. ఇప్పుడు వాళ్ల పిల్లలే పరిగెత్తుకొచ్చి గేటు వేస్తున్నారు.

ఒక్క జాగ్రత్త. ఈ బొమ్మలన్నీ మనసులోనే ఉండాలి, ఎదుటివాళ్ల ముఖం మీద అంటే అది వెటకారం, దానితో గొడవ పెరుగుతుందే తప్ప తగ్గదు. ముఖ్యంగా ఇంట్లోవాళ్ల మీద వద్దు. వస్తువులు విసిరేసేదాకా, చెయ్యి లేచేదాకా వెళ్తోందంటే మాత్రం ఈ చిట్కాలతో ఆగకుండా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.